రైలు లేని దేశంలో ఒక్క రౌండు

కాజీపేటలో ఇప్పుడు నన్ను ఎవరు చూసినా ఒకటే ప్రశ్న. రైలే లేని దేశానికి రైలు డ్రైవరు ఎందుకు పోయినట్టు? పాలవాడు అడిగాడు, మంగలి అడిగాడు, పింఛను పని మీద పోతే అక్కడి క్లర్కు నా కాగితం పక్కన పెట్టి మరీ అడిగాడు. ఒమాన్‌లో జనం ఎక్కే రైలు ఇప్పటికైతే లేదు, నిజమే. వస్తుందని అక్కడివాళ్ళు చెబుతూనే ఉన్నారు. కానీ మూరెడు పొడవు ఆవిరి ఇంజిన్లు ఉన్నాయి. వాటికి పెరట్లో పట్టాలు వేసి, సెలవురోజున అందరూ ఒకచోట చేరి నడిపే పెద్దమనుషులు ఉన్నారు. నేను పోయింది వాళ్ళ దగ్గరికి. ఎదురుపడ్డవాళ్ళందరికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నా పేరు సమ్మయ్య. ఆవిరి ఇంజిన్ల చివరి రోజుల్లో ఫైర్‌మన్‌గా చేరాను. బొగ్గు వేసి వేసి అరచేతులు కాయలు కాశాయి గానీ, ఆవిరి ఇంజిన్ డ్రైవరు సీట్లో కూర్చునే వంతు వచ్చేసరికి ఆ ఇంజిన్లే పోయాయి. కరెంటు ఇంజిన్ నడిపి రిటైరయ్యాను. ఆ వెలితి పోక, షెడ్డులో ఫిట్టరుగా చేసిన నా స్నేహితుడు యాదగిరిని పట్టుకుని, మా మేడమీది గదిలో ఆరేళ్ళు కూర్చుని, పాత డబ్ల్యూజీ గూడ్సు ఇంజిన్‌కు చిన్న నకలు చేశాను. దయచేసి బొమ్మ అనకండి. రాగి బాయిలరు, లోపల నిజమైన నిప్పు, నిజమైన ఆవిరి. చక్రాలన్నీ యాదగిరి లేతు మీద తీసినవే. వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఒక్క లోటు మాత్రం ఉండిపోయింది. మా ఇంజిన్ ఎన్నడూ ఒక రౌండు తిరగలేదు. తిరగాలంటే మేడమీద పట్టాలు చుట్టూ వేయాలి. మేడ నడిమధ్యలో మా ఆవిడ కౌసల్య బట్టల దండెం ఉంది. రెండు ఇనుప స్తంభాలు, నాలుగు వరుసల తీగ. "దండెం జోలికొస్తే మంచిగుండది" అని మొదటిరోజే తేల్చేసింది. అందుకని పిట్టగోడ పక్కన ఇరవై అడుగులు తిన్నగా వేసుకున్నాం. ఇంజిన్ ఇరవై అడుగులు ముందుకు పోతుంది, ఇరవై అడుగులు వెనక్కి వస్తుంది. ఆరేళ్ళ కష్టం ఆ ఇరవై అడుగుల్లోనే తిరుగుతోంది.

కౌసల్య తమ్ముడు ఓదెలు మస్కట్ పక్కన ఘాలాలో ఒక గ్యారేజీకి ఫోర్‌మన్. రుస్తాఖ్ నుంచి హమద్ అనే ఒమానీ పెద్దాయన రిపేరుకు తెచ్చిన కారు డిక్కీలో చిన్న ఆవిరి ఇంజిన్ కనపడిందట. "మా బావ గూడ గిదే పిచ్చిల ఉన్నడు" అని ఓదెలు నోరు జారాడు. హమద్ అక్కడికక్కడే పిలుపు పంపాడు. తమ ఆవిరి ఇంజిన్ల క్లబ్బు వాళ్ళు ఈ నెలలో రెండుచోట్ల కూడుతున్నారు, ముందు సూర్‌లో, తరువాత తన తోటలో, ఇంజిన్ తీసుకుని రమ్మన్నాడు.

కౌసల్య వస్తానంది, తమ్ముణ్ణి చూడాలి కదా. కానీ యాదగిరిని సాక్షిగా నిలబెట్టి ఒక షరతు పెట్టింది.

"ఒక్కటంటే ఒక్క రౌండు. ఎనక డబ్బాలు గుంజుకుంట, నడుమల ఆగకుంట తిరగాలె. తిరిగితే పైన గది మీది. తిరగకపోతే ఒకటో తారీఖు నుంచి ట్యూషన్ సారుకు కిరాయికిస్త. ఒప్పుకుంటరా?"

ఆ గదిలోనే మా లేతు, మా పనిముట్లు, మా మధ్యాహ్నాలు అన్నీ ఉన్నాయి. ఒప్పుకోక చస్తామా? పాపం యాదగిరికి పాస్‌పోర్టు రాలేదు. ఒక కార్డులో ఒక పుట్టినరోజు, ఇంకో కార్డులో ఇంకోటి. "రెండుసార్లు పుట్టినోనికి ఎట్లిస్తరు?" అని కౌసల్య నవ్వింది. యాదగిరి నవ్వలేదు. "రౌండు తిరిగేటప్పుడు నాకు ఫోన్ల చూపియ్యి సమ్మన్నా, మర్సిపోకు" అన్నాడు.

పచ్చడి సీసాలో బొగ్గు

ఇంజిన్‌ను చీరల మధ్య చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాం. బొగ్గు సంగతి నేను ముందే ఆలోచించాను. పరాయి దేశంలో ఏ బొగ్గు దొరుకుతుందో ఏమో. నేను గోదావరిఖని బొగ్గు వేసి వందల టన్నుల బండ్లను పరుగెత్తించినవాణ్ణి. ఆ బొగ్గునే శనగగింజంత ముక్కలుగా కొట్టి, కడిగి, ఆరబెట్టి మూడు కిలోలు సిద్ధం చేశాను. సామాను సర్దింది కౌసల్య. ఏది ఖాళీగా ఉంటే అందులో పోసింది.

మస్కట్ విమానాశ్రయంలో కస్టమ్స్ కుర్రవాడు మా పెద్దపెట్టె తెరిపించాడు. పచ్చడి సీసా తీసి చూస్తే అందులో బొగ్గు. మిషన్ ఆయిల్ డబ్బా తీసి మూత విప్పితే అందులో మామిడికాయ పచ్చడి. అతను సీసానూ డబ్బానూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"యే క్యా హై, అంకుల్?"

"కోయలా."

"కోయలా క్యోం?"

నేను ఇంజిన్ తీసి కౌంటరు మీద పెట్టాను. పక్క వరుసల్లోని అధికారులు కూడా వచ్చేశారు. ఒకాయన వేలితో చక్రం తిప్పి, ఇది నిజంగా నడుస్తుందా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే కౌసల్య తన హిందీలో చెప్పేసింది, "చల్తా హై, లేకిన్ గోల్ నహీ జాతా." నడుస్తుంది గానీ గుండ్రంగా తిరగదట. ఎనిమిది మంది అధికారులు నావైపు జాలిగా చూశారు. దేశంలో అడుగు పెట్టి గంట కాలేదు, పరువు పోయింది.

విమానంలో బొగ్గు తేకూడదని, ఇంకెప్పుడూ తేవద్దని కుర్రవాడు మర్యాదగానే మందలించి వదిలేశాడు. నిజంగానే నాకు తెలియదు. రైల్లో ఎన్నడూ అడ్డుచెప్పినవాడు లేడు మరి.

ఘాలా: మూడంతస్తుల నీళ్ళు

ఘాలా అంటే వరుసగా గ్యారేజీలు, గోదాములు, కంపెనీ బస్సులు, వాటి వెనక మనుషులు ఉండే రూములు. పొద్దున బస్సు దిగగానే మనవాళ్ళు నిలబడే టీ కొట్టుంది. అక్కడి చిల్లర వంద బైసాలకు యాలకులు దంచి వేసిన చిక్కటి టీ. వేడి రొట్టెలో గుడ్డూ చీజూ పెట్టి చుట్టి ఇస్తారు. మా ఊరి లెక్కలో చూస్తే ఆ టీ ధరకు మూడు టీలు వస్తాయి. రెండురోజులు అలా లెక్కేసుకుని బాధపడ్డాను, మూడోరోజు మానేశాను.

ఓదెలు రూములో జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్ళు ఎనిమిది మంది. మేము వచ్చామని కోడికూర, పచ్చిపులుసు వండారు. అక్కను చూడగానే ఓదెలు కళ్ళు తడిశాయి, వెంటనే ఉల్లిగడ్డల మీద నెపం పెట్టాడు. తిన్నాక నా ఇంజిన్‌ను మంచం మీద పెట్టి అందరూ చుట్టూ చేరారు. నిర్మల్ ఆయన ఒకడు కూత వేసే చిన్న గొట్టాన్ని నోటితో ఊది చూసి, "రైలెక్కక నాలుగేండ్లాయె సార్" అన్నాడు.

చిన్న బాయిలరుకు ఉప్పులేని నీళ్ళు కావాలి. మామూలు నీళ్ళు పోస్తే లోపల సున్నం పడుతుంది. ఎక్కడ దొరుకుతాయని అడిగితే ఓదెలు కిటికీలోంచి పైకి చూపించాడు. మూడంతస్తుల బిల్డింగుకు నిండా ఏసీలు, ప్రతి ఏసీ గొట్టంనుంచి చుక్కచుక్కగా నీళ్ళు. "బావా, గివన్ని నీకే" అన్నాడు. పొద్దున లేచేసరికి గొట్టానికో డబ్బా కట్టి నలభై లీటర్లు పట్టారు. నా ఇంజిన్‌కు కావలసింది అర లీటరు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సూర్: నా పొగరు, నా బూడిద

సూర్‌కు రోడ్డు సముద్రం పక్కనే పోతుంది. ఒకవైపు నీలం, ఒకవైపు పచ్చిక జాడే లేని కొండలు. కౌసల్య దారంతా "గీ కొండలకు చెట్లెందుకు లేవు" అని తమ్ముణ్ణి నిలదీస్తూనే ఉంది, వాడే కొట్టేసినట్టు. ఊళ్ళో ఒడ్డున కర్ర పడవలు కట్టే చోటు చూశాం. అక్కడి వడ్రంగి ఒకాయన నా చేతుల కాయలు చూసి, తన చేతులు చూపించి నవ్వాడు. భాష లేకుండానే పరిచయమయ్యాం. చేపల పులుసు మాత్రం మనవాళ్ళు చేసినట్టు లేదు, చింతపండు బదులు ఎండునిమ్మకాయ వేశారు. కౌసల్య ఒక ముద్ద తిని, సంచిలోంచి మిషన్ ఆయిల్ డబ్బా తీసింది. పక్క బల్లమీది వాళ్ళు తినడం ఆపి చూశారు.

మొదటి కూడిక ఆలన్ అనే ఇంగ్లీషాయన పెరట్లో. డెబ్బై దాటినవాడు, ఆరడుగుల మనిషి, క్లబ్బులో బాయిలర్లు పరీక్షించే పని ఆయనది. ఎంత గొప్పవాడి ఇంజిన్ అయినా ఆయన పరీక్ష నెగ్గందే పట్టాల మీద పెట్టనివ్వరు. బాయిలరు నిండా చన్నీళ్ళు పోసి, చేతి పంపుతో మామూలుకు రెండింతల ఒత్తిడి ఎక్కించి, ఎక్కడైనా చెమ్మ వస్తుందేమోనని భూతద్దం పెట్టి చూస్తాడు. "పిల్లను చూసెటందుకు వచ్చిన అత్త గూడ గింత చూడదు" అని కౌసల్య నా చెవిలో అంది. పదినిమిషాలు ఒత్తిడి చూపే ముల్లు కదల్లేదు. ఆలన్ భూతద్దం మడిచి, అతుకులు ఎవరు వేశారని అడిగాడు. యాదగిరి అని చెప్పాను. ఆ పేరు పలకడం నేర్చుకుని మరీ కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆలన్ నా బొగ్గు సీసా చూసి, అనుమానంగా ఒక ముక్క నలిపి, తన దేశంనుంచి తెప్పించిన బొగ్గు డబ్బా నా ముందు పెట్టాడు. ఇలాంటి సన్నటి గొట్టాలకు ఇదైతే మంచిది, తీసుకోండి అన్నాడు. నాకు ఎక్కడో కాలింది. మా యాదగిరి చేసిన ఇంజిన్‌కు ఇంగ్లీషువాళ్ళ బొగ్గా? అక్కర్లేదని చెయ్యి అడ్డంగా ఊపాను. మర్యాదగా కూడా ఊపలేదు.

నిప్పు రాజేశాను. ముల్లు అరవై పౌండ్లకు వచ్చింది. వెనక క్లబ్బు వాళ్ళవి మూడు రైలు డబ్బాలు తగిలించి, ఓదెలు ఫోన్లో యాదగిరిని పిలిచి, ఆవిరి వదిలే రెగ్యులేటరు తిప్పాను. ఇంజిన్ దర్జాగా కదిలింది. మలుపు కూడా తిరిగింది. దాని జీవితంలో అదే మొదటి మలుపు. నేను చప్పట్లు కొట్టబోతుంటే నల్లటి పొగ ఒకసారి కక్కి, మూలిగి, ఒక గులాబీ కుండీ పక్కన ఆగిపోయింది.

ముందు తలుపు తీసి చూస్తే బాయిలరులో వేడి పొగ పోయే గొట్టాలన్నీ బూడిదతో బిగుసుకుపోయి ఉన్నాయి. తప్పు బొగ్గుది కాదు. పెద్ద ఇంజిన్‌లో గొట్టాల్లోంచి చెయ్యి దూరుతుంది, అక్కడ ఎంత బూడిద వచ్చినా పోతుంది. మా ఇంజిన్ గొట్టంలో పెన్సిలు కూడా పట్టదు. ఆ మాత్రం లెక్క ఫైర్‌మన్‌గా పనిచేసిన నాకు తట్టకపోవడం సిగ్గుచేటు. ఫోన్లో యాదగిరి మొహం కనపడుతూనే ఉంది. "ఆగిందా? నెట్టు ఆగిందా, ఇంజిన్ ఆగిందా?" అని అడుగుతున్నాడు. నెట్టే అని చెప్పి ఫోను కట్టేశాను.

తిరుగుదారిలో కౌసల్య కిటికీలోంచి చూస్తూ, "గదికి సున్నం ఏయించాలె" అంది.

రుస్తాఖ్: అన్నీ ఉన్నాయి, బొగ్గు తప్ప

మిగిలిన నాలుగు రోజులూ ఓదెలు గ్యారేజీలో గొట్టాలు కడగడమే పని. శుక్రవారం రుస్తాఖ్‌కు బయలుదేరేటప్పటికి ఇంజిన్ తళతళలాడుతోంది. నేనూ బుద్ధి తెచ్చుకున్నాను. ఆలన్ దగ్గరికి పోయి, తప్పయింది, ఆ బొగ్గు ఇవ్వు బాబూ అని అడగడానికి మనసు గట్టి చేసుకున్నాను. ఇంగ్లీషులో ఎలా అడగాలో రెండుసార్లు అనుకున్నాను కూడా.

రుస్తాఖ్‌లో భూమిలోంచి ఉడుకునీళ్ళు వచ్చే ఊట ఉంది. మగవాళ్ళు కాళ్ళు పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. కౌసల్య వేలు ముంచి, చురుక్కుమనగానే తీసి, "గీ నీళ్ళే పొయ్యరాదు? సగం కాగే ఉన్నయ్" అంది. ఆ నీళ్ళలో ఏమేం కరిగి ఉంటాయో, అవి బాయిలరుకు ఎంత చేటో నేను పావుగంట వివరించాను. ఆమె అంతా విని, "పొయ్యనన్నా పొయ్యవ్, ఊకనన్నా ఊకోవు" అని కారెక్కింది.

హమద్ తోట గుమ్మంలోనే ఎదురొచ్చాడు. తెల్లటి అంగరఖా, తెల్లటి గడ్డం, చేతినిండా గ్రీజు. చూడగానే నా మనిషి అనిపించింది. ఆయన హిందీ నా హిందీకంటే శుభ్రంగా ఉంది. చాపమీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, హల్వా, చిన్న గిన్నెల్లో కాఫీ ఇచ్చారు. కాఫీలో పాలు లేవు, చక్కెర లేదు, యాలకులు ఉన్నాయి. గిన్నె ఖాళీ కాగానే మళ్ళీ పోస్తున్నారు. వద్దంటే ఏమనుకుంటారోనని తాగాను. తొమ్మిది గిన్నెలయ్యాయి. కౌసల్య మూడోదానికే గిన్నెను రెండువేళ్ళతో కాస్త ఊపి ఇచ్చేసింది, ఆమెకు మళ్ళీ పోయలేదు. చాలు అనడానికి అక్కడ అదే గుర్తట. "నీకెట్ల తెలుసు?" అంటే, "పక్కోళ్ళను చూస్తే తెల్వదా?" అంది. తొమ్మిదో గిన్నెకు నా గుండె మెయిలు బండిలా కొట్టుకుంటోంది.

తోటలో ఖర్జూర చెట్ల మధ్య, నడుమెత్తు దిమ్మెల మీద పట్టాలు. పారే కాలువను ఒక చిన్న వంతెనమీద దాటి, మేకల కొట్టం చుట్టి, ఖర్జూరాలు ఎండబెట్టే పాక పక్కనుంచి మళ్ళీ మొదటికి వస్తుంది. అడుగులేసి చూశాను, నూటపది. అప్పటికే గ్యాసు మంటతో ఆవిరి పుట్టించే ఇంజిన్లు రెండు తిరుగుతున్నాయి. ఆలన్ ఎక్కడ అని అడిగాను. నడుం పట్టేసి సూర్‌లోనే ఉండిపోయాడట. ఆయన రాలేదు, ఆయన బొగ్గూ రాలేదు. మిగతా వాళ్ళందరివీ గ్యాసు ఇంజిన్లే.

నేను చాపమీద చతికిలబడ్డాను. ఎన్నో ఏళ్ళుగా ఏడవలేదు గానీ ఆ పూట ఏడుపొచ్చినంత పనయింది. యాదగిరికి ఏం చెప్పాలి? మళ్ళీ నెట్టు ఆగిందని చెప్పాలా?

తుమ్మబొగ్గు లాంటిది

హమద్ ఇంట్లో పనిచేసే ఓబులమ్మది కడప దగ్గర పల్లె. తెలుగు వినపడగానే వంటింట్లోంచి వచ్చి కౌసల్యను పట్టుకుంది. అరగంటలో ఇద్దరూ ఒకరి కోడళ్ళ గురించి ఒకరు చెప్పుకునేంత దగ్గరయ్యారు. ఓబులమ్మ చేతిలో మట్టి ధూపపాత్ర ఉంది. అతిథులు వచ్చినప్పుడు లుబాన్ వేస్తారు, మన సాంబ్రాణి లాగే. పాత్రలో నిప్పులు నిండు ఎరుపులో, పొగలేకుండా, ఒకే తీరుగా మండుతున్నాయి.

నా చూపు ఆ నిప్పుల మీద పడింది.

"అమ్మా, ఇది ఏం బొగ్గు?"

"సమర్ కట్టె బొగ్గు సార్. మన తుమ్మబొగ్గు మాదిరే ఉంటాది. మా ఊర్లో ఇస్త్రీ పెట్టెలోకి తుమ్మబొగ్గే కదా ఏసేది. బూడిద శానా తక్కువ. లుబాన్ ఏసేదానికి దినామూ నేనే రాజేస్తాండా."

బూడిద తక్కువ! ఆ రెండు ముక్కలు చాలు. లేచి నిలబడ్డాను. ఓబులమ్మ ఒక గంపెడు బొగ్గు తెచ్చింది. నిప్పు కూడా ఆమే రాజేసింది. నేను పొగగొట్టం మీద గాలి లాగే చిన్న ఫ్యాను పెట్టేలోపే, "అట్ల ఆత్రపడితే ఎట్ల సార్, అడుగున అంటుకోనీ" అని కసిరింది. ఫైర్‌మన్‌గా పదేళ్ళు చేసినవాణ్ణి కసిరింది. నోరు మూసుకున్నాను. పావుగంటలో ముల్లు అరవై దాటింది.

నాలుగు డబ్బాలు తగిలించాం. ఘాలానుంచి ఓదెలుతో పాటు రూము వాళ్ళు నలుగురు వచ్చారు. ఓదెలు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. అందులో యాదగిరి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. రెగ్యులేటరు తిప్పాను. కదిలింది. వంతెన దాటింది. మేకల కొట్టం దగ్గర మలుపు తిరిగింది. అక్కడ నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఒక మేక దగ్గరికొచ్చి వాసన చూసేంత నెమ్మదించి, ఆగిపోయింది.

లోపల చూస్తే గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి గానీ నిప్పే లేదు. ఈ బొగ్గు తేలిక, రాతిబొగ్గులా నిలవదు, సగం రౌండుకే కాలిపోయింది. ఎప్పటికప్పుడు వేస్తూ ఉండాలి. నడిచే ఇంజిన్‌లో, రూపాయి బిళ్ళంత కంతలో, కాలే ముక్కలు ఎవరు వేస్తారు? ధూపపాత్రలోవి తీసి నేను ప్రయత్నించాను. నా వేళ్ళు అరటికాయలంత లావు. రెండు ముక్కలు కాలువలో పడ్డాయి, ఒకటి నా చెప్పులో పడింది. నేను ఒంటికాలిమీద గెంతుతుంటే మేకలన్నీ మూలకు పరుగెత్తాయి.

ఇక అయిపోయింది అనుకున్నాను. ఆగకుండా తిరగాలన్నది షరతు. ఆగింది. కౌసల్య గెలిచింది. ఆమె వైపు చూడటానికి కూడా ధైర్యం చాలలేదు.

ఆమె లేచి వచ్చింది. కొంగు నడుంలో దోపుకుంది.

"జరుగు" అంది.

"ఎందుకు?"

"పొయ్యి ఆరిపోతుంటే సూసుకుంట కూసుంటరా ఎవలన్న? జరుగంటున్న గదా."

"ఆగింది గదనే. నువ్వే గెల్చినవ్."

"గది లెక్కలకు రాదు. మంట జేసెటోళ్ళు లేకుండ బండెట్ల నడుస్తది? మళ్ళ మొదటికి తీస్కపో."

ఓబులమ్మ తన ధూపపాత్రా పట్టకారూ కౌసల్య చేతిలో పెట్టింది. నేను మరిచిపోయిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పెళ్ళికి ముందు కౌసల్య పుట్టింట్లో బీడీలు చుట్టేది. రోజుకు వెయ్యి. బీడీ మూతి మడిచే వేళ్ళు అవి, కంటితో చూడకుండానే పని చేస్తాయి. ఆ వేళ్ళు ఎలా ఉంటాయో నలభై ఏళ్ళుగా కలిసి బతికిన నేను ఏనాడూ చూడలేదు.

మళ్ళీ నిప్పు, మళ్ళీ ముల్లు, మళ్ళీ రెగ్యులేటరు. ఇంజిన్ కదిలింది. పట్టాలకు ఒకవైపు నేను, ఇంకోవైపు కౌసల్య, మధ్యలో ఇంజిన్, దానితోపాటు నడుస్తున్నాం. ఇంజిన్ పైకప్పు తీసేసి ఉంచాం. ఆమె ఒక చేతిలో నిప్పుల పాత్ర, ఇంకో చేతిలో పట్టకారు, పది అడుగులకొక ముక్క. పట్టకారు లోపలికి పోతోంది, వస్తోంది, ఒక్క ముక్క కింద పడటం లేదు. ఒక చెయ్యి పని చేస్తుంటే నోరు ఊరుకుంటుందా? "తొందరపడకు, మెల్లగ పోనియ్యి, గా వంతెన కాడ జర తగ్గియ్యి" అని నాకే చెబుతోంది. వంతెన దాటింది. మేకల కొట్టం దాటింది. ఆగిన చోటు దాటగానే రూము వాళ్ళు ఒక్కసారి అరిచారు. ఖర్జూరాల పాక దాటింది. మొదలుపెట్టిన చోటికి వచ్చింది.

నేను ఆపబోయాను. "ఎందుకు ఆపుతున్నవ్? నిప్పు మంచిగుంది" అని కసిరింది. ఆపలేదు. ఆ నడకలో ఒక్కసారి నాకు అర్థమైంది. ఫైర్‌మన్ నిప్పు చూస్తోంది, నేను రెగ్యులేటరు పట్టుకున్నాను. ఆవిరి ఇంజిన్ డ్రైవరునయ్యాను. ఇన్నేళ్ళకు, ఖర్జూరతోటలో, కాలిన చెప్పుతో. కళ్ళు చెమర్చాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మూడో రౌండులో ఓబులమ్మ పరుగున వచ్చి పొగగొట్టం అంచున రెండు లుబాన్ పలుకులు పెట్టింది. వద్దు, జిగురు పడుతుంది అని నేను మొత్తుకున్నాను. ఎవరూ వినలేదు. తోటంతా గుడి వాసన. హమద్ చేతులెత్తి నవ్వుతూ, నలభై ఏళ్ళుగా ఇంజిన్లు నడుపుతున్నాను గానీ ఈ పని నాకు తట్టలేదే అన్నాడు. తరువాత ఆ జిగురు వదిలించడానికి నాకు రెండురోజులు పట్టింది. అది వేరే సంగతి.

ఫోన్లో యాదగిరి ఇంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. నెట్టు పోయిందేమోనని ఓదెలు భయపడి, "యాదగిరి మామా, కనపడుతుందా?" అన్నాడు.

"సప్పుడు ఇనిపియ్యి బిడ్డా. పొగగొట్టం కాడ పెట్టు."

ఓదెలు ఫోను పొగగొట్టం పక్కన పెట్టి ఒక రౌండంతా నడిచాడు. ఆవిరి ఇంజిన్ చక్రం ఒకసారి తిరిగితే నాలుగు దెబ్బలు వినపడాలి. నాలుగూ ఒకే దూరంలో, ఒకే బలంతో పడాలి. ఒక్కటి కుంటినా చేసినవాడి చెయ్యి తప్పినట్టే. యాదగిరి కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"నాలుగు సమంగనే పడుతున్నయ్ సమ్మన్నా" అన్నాడు చివరికి. ఇంకేదో అనబోయి, ఫోను అవతల పెట్టేశాడు.

పదకొండు రౌండ్లు తిరిగింది. బొగ్గు అయిపోయి కాదు, కౌసల్యకు కాళ్ళు నొప్పెట్టి ఆపాం.

కాజీపేట, మేడమీద

వచ్చిన మర్నాడు ట్యూషన్ సారు గది చూడటానికి వచ్చాడు. కౌసల్య గుమ్మంలోనే నిలబడి, "లేదు సారూ, గది ఖాళీ లేదు" అని పంపేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కిందనుంచే యాదగిరికి ఫోను చేసి చెప్పాను. అతను అరగంటలో వచ్చేస్తానన్నాడు.

మెట్లెక్కుతుంటే పక్క రెయిలింగు నిండా తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. ఇదేమిటి ఇక్కడ అనుకుంటూ పైకి వెళ్ళాను. మేడమీద దండెం లేదు. నాలుగు తీగలూ విప్పి చుట్టచుట్టి ఒక మూల పెట్టి ఉన్నాయి. స్తంభాలు ఓదెలు వచ్చినప్పుడు పీకించాలట. నడిమధ్యలో కౌసల్య వంగి, ముగ్గుపిండితో గుండ్రంగా ఒక పెద్ద గీత గీస్తోంది. మేడ నిండా సరిపోయేంత గుండ్రం. ఒక పక్కన కాలువ అట, రెండు గీతలు. ఇంకో పక్కన ఒక చిన్న చదరం, మేకల కొట్టం అట.

నన్ను చూసి నడుం పట్టుకుని లేచింది.

"గింత గుండ్రం సాలా?"

నిజానికి ఆ మలుపుకు ఇంకో అడుగు వెడల్పు కావాలి. అంత బిగుతు మలుపులో మా ఇంజిన్ చక్రాలు తిరగవు. ఆమె గీసిన గీత వైపు చూశాను, ఎండలో ఉత్తగా ఉన్న ఆ తీగల చుట్ట వైపు చూశాను.

"సాలు" అన్నాను.

అర్ధగంటలో యాదగిరి వస్తాడు. ఈ గుండ్రానికి తగ్గట్టు చక్రాలు మళ్ళీ లేతు మీద తీయాలి.